ఇరుకాలముల కథ, భిన్నరుచుల పాఠకులు

పూర్వకాలమున జరిగిన యొక రహస్యమును వర్తమానకాలపు మనుష్యులు పాత యుత్తరములలోను, దినచర్యలలోను, సమాధులలోను వెదకికొనుచు పోవునట్లుగా కూర్చిన నవలలు ఆంగ్లవాఙ్మయమున నేడొక ప్రత్యేకశాఖగా పెరిగినవి. ఒక ప్రకరణము నూఱేండ్ల వెనుకకు పోవును, తరువాతిది నేటికి వచ్చును. వెనుకటి వారికేమి జరిగినదో నేటివారు తెలిసికొనులోపుగనే, ఆ తెలిసికొనుటవలననే, నేటివారి బ్రదుకులు మారిపోవును. ఇట్టి గ్రంథమును చదివినవారిని నలుగురిని ఒకచోట చేర్చి అభిప్రాయ మడిగినచో, నలుగురును నాలుగు వేఱువేఱు పుస్తకములను చదివిరేమో యను సందేహము కలుగకపోదు. ఒకరు ప్రాణముగా భావించిన భాగమును మఱియొకరు చదువకయే పుటలు త్రిప్పివేసియుందురు. ఒకరిని కంటతడి పెట్టించిన ముగింపు వేఱొకరికి మోసముగా తోచియుండును. ఈ భేదమును కేవలము రుచిభేద మని త్రోసిపుచ్చుట సులభమే. కాని గతించినవారిని గూర్చి మనము ఏమి తెలిసికొనగోరుదుము, ఎట్లు తెలిసికొనగోరుదుము అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఇచ్చుకొనిన సమాధానమే వారి మెప్పునకును తెగడ్తకును మూలమని నా నమ్మకము.

దీనిని పరిశీలించుటకు ఎ. ఎస్. బయట్ అను రచయిత్రి వ్రాసిన ‘పొసెషన్’ కంటె తగిన యుదాహరణము నాకు కనబడదు. 1990లో ప్రకటితమై, ఆ యేటి బుకర్ బహుమానమును పొందిన గ్రంథమిది. ఆ సంవత్సరము తుదిపోటీలో జాన్ మక్‌గాహెర్న్, పెనెలొపీ ఫిట్జెరాల్డ్ వంటి గట్టి రచయితలు నిలిచియుండిరి. పండితులకు మాత్రమే రుచించునని కొందఱు శంకించిన యీ నవలను సామాన్యపాఠకులు సైతము ఆదరించి, ఆదరించినంతగనే దానితో తగవులాడుచును వచ్చిరి.

ఇరుకాలముల పద్ధతి బయట్ మొదలిడినది కాదు. 1969లో జాన్ ఫౌల్స్ ‘ది ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ వుమన్’ అను నవలయందు 1867 నాటి కథను ఇరువదవ శతాబ్దపు కథకుని నోట చెప్పించెను. మన దేశమునకు కోడలుగా వచ్చి ఢిల్లీలో చిరకాలము కాపురముండిన రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా 1975లో ‘హీట్ అండ్ డస్ట్’ నందు, 1923 నాటి ఒలీవియా యను ఆంగ్లయువతి కథను, ఆమె వ్రాసిన యుత్తరములను ఆధారముగా గొని అర్ధశతాబ్దము తరువాత భారతదేశమునకు వచ్చిన మఱియొక యువతి కథను జమిలిగా అల్లి, ఆమెయు బుకర్ బహుమానమునే గ్రహించెను. అయినను ఈ పద్ధతి తన బలమునంతటిని, తన చిక్కులనన్నింటిని ఒకేసారి బయటపెట్టినది ‘పొసెషన్’ నందే.

బయట్ 1936లో షెఫీల్డు నగరమున జన్మించి 2023లో పరమపదించెను. 1983 వఱకు లండను యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్లసాహిత్యమును బోధించెను గనుక పరిశోధకుల లోకము ఆమెకు లోపలినుండి తెలిసినదే. ఈ నవలకు బీజము బ్రిటిష్ మ్యూజియము గ్రంథాలయమున పడినదని ఆమెయే చెప్పియున్నది. కోల్‌రిడ్జ్ కవి నోటుపుస్తకములను పరిష్కరించుటకు జీవితమును ధారపోసిన కాథ్లీన్ కోబర్న్ అను విదుషి, అక్కడి గుండ్రని చదువుగదిలో పుస్తకముల పట్టికల చుట్టును తిరుగుచుండగా చూచి, ఈమె ఆ కవిని వశపఱచుకొన్నదా, లేక ఎన్నడో చనిపోయిన యా కవియే ఈమెను ఆవహించియున్నాడా అను శంక బయట్‌కు కలిగినదట. నవల అంతయు ఆ శంకనుండి పెరిగిన వృక్షమే.

కథ తెలియనిదే తగవు తెలియదు. కథాంతమును దాచిపెట్టి ఈ తగవును వివరించుటయు సాధ్యము కాదు. 1986 సెప్టెంబరు మాసమున రోలాండ్ మిచెల్ అను పేదపరిశోధకుడు లండను లైబ్రరీలో ఒక పాతపుస్తకమును తెఱచును. ఇటలీ తత్త్వవేత్త వీకో రచించిన గ్రంథమది. రాండాల్ఫ్ హెన్రీ యాష్ అను విక్టోరియా యుగపు మహాకవి సొంతప్రతి. దాని పుటలనడుమ ఆ కవి ఒక అజ్ఞాతస్త్రీకి వ్రాయబూని సగములో విడిచిన రెండు చిత్తుప్రతులు దొరకును. యాష్ ఏకపత్నీవ్రతుడని లోకము నమ్మియుండెను. అతని భార్య ఎలెన్ దినచర్యయు అట్లే పలుకుచుండెను. రోలాండ్ ఆ కాగితములను గ్రంథాలయమువారికి చెప్పక తనతో తీసికొనిపోవును. నవల ఒక దొంగతనముతో మొదలగుచున్నదని గమనింపవలెను.

ఆ యజ్ఞాతస్త్రీ క్రిస్టబెల్ లామోట్ అను కవయిత్రియై యుండునని యూహించి, ఆమె కవిత్వమున ప్రామాణికురాలును, ఆమె బంధువంశమునకు చెందినదియు నగు మాడ్ బెయిలీ యొద్దకు అతడు పోవును. ఇరువురును లింకన్‌షైరులోని సీల్‌కోర్ట్ అను శిథిలభవనమున, కవయిత్రి కడపటి దినములు గడపిన గదిలో, బొమ్మల పడక క్రింద దాచిన యుత్తరముల కట్టలను కనుగొందురు. అక్కడినుండి అన్వేషణము యార్క్‌షైర్ సముద్రతీరమునకును, ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతమునకును పోయి, ఇంగ్లండు దక్షిణభాగమును నిజముగనే అతలాకుతలము చేసిన 1987 అక్టోబరు తుపాను రాత్రి యాష్ సమాధిని త్రవ్వుటతో తారస్థాయి నందుకొనును. 1859 వేసవిలో ఆ కవులిరువురును యార్క్‌షైరున కలిసి గడపిరనియు, క్రిస్టబెల్ బ్రిటనీలో రహస్యముగా ఒక ఆడుబిడ్డను కనెననియు, ఆ బిడ్డను ఆమె సోదరి తన బిడ్డగా పెంచెననియు, నేటి మాడ్ ఆ బిడ్డ సంతతియే యనియు తెలియవచ్చును.

యాష్ గాని క్రిస్టబెల్ గాని చరిత్రలో లేరు. ఇద్దఱును కల్పితకవులు. యాష్ నందు బ్రౌనింగు ఛాయ, టెన్నిసన్ ఛాయ కలవు. క్రిస్టబెల్ నందు క్రిస్టినా రోజెట్టీయు ఎమిలీ డికిన్‌సనును తొంగిచూచుచుందురు. కల్పితకవుల పద్యములను ఎవరు వ్రాయవలెను? మొదట మఱియొక కవి పద్యములనే వాడుకొనదలచిన బయట్‌ను, డి. జె. ఎన్‌రైట్ అను కవి, నీవే వ్రాయుమని ప్రోత్సహించెను. ఆమె ఇద్దఱి గొంతుకలతోను వందలకొలది పంక్తుల పద్యములను, ఉత్తరములను, దినచర్యలను, జానపదకథలను, వానిపై పండితుల వ్యాఖ్యానములను సైతము తానే సృష్టించెను. పాఠకులు మొదట చీలిపోవు చోటిదియే.

పద్యములను దాటివేసితిమని ఒప్పుకొను పాఠకులు మిక్కిలి యెక్కువ. వారికి కథ కావలెను. ఉత్తరము లెక్కడ, బిడ్డ యేమైనది, సమాధిలో నేమున్నది అను ఉత్కంఠ వారిని ముందుకు త్రోయుచుండగా, పదునేడవ శతాబ్దమున సూక్ష్మదర్శినితో పురుగులను పరిశీలించిన స్వామర్‌డామ్ అను డచ్చి శాస్త్రజ్ఞుని స్వగతము పద్యరూపమున పుటలకొలది సాగినచో వారు విసుగు చెందుటలో వింతలేదు. అచ్చునకు ముందు అమెరికాలోని ప్రకాశకులకును ఇదే భయము కలిగి, పద్యములను తగ్గింపవలసినదని కోరిరి. రచయిత్రి పద్యములను విడిచిపెట్టలేదు. మఱికొందఱు పాఠకులు దీనికి పూర్తిగా విరుద్ధముగా, నేటి పరిశోధకుల సంగతి ఎటుపోయినను సరే, ఆ పద్యములు, ఆ యుత్తరములు చాలునందురు. పదియవ ప్రకరణమంతయు కవులిరువురి లేఖావళియే. మొదట మర్యాదగా కవిత్వమును గూర్చియు, దైవమును గూర్చియు ప్రారంభమైన యా లేఖలు ఎప్పుడు ప్రేమలేఖలైనవో వ్రాయువారికే తెలియనట్లు మారిపోవు తీరును చూచిన పిమ్మట, వీరి పక్షమున నిలువక తప్పదు.

నేను పద్యపక్షపాతినే. కారణము కవిత్వాభిమాన మొక్కటే కాదు. రహస్యకథను చదువువాడు ఆధారములను దాటిపోరాదు గదా! ఈ నవలలో ఆధారములు పద్యములయందే యున్నవి. బొమ్మల పడకవద్ద వెదకవలెనని మాడ్‌కు తోచుటకు కారణము, రహస్యమును కాపాడు బొమ్మలను గూర్చి క్రిస్టబెల్ వ్రాసిన చిన్న గేయము ఆమెకు కంఠస్థమై యుండుటయే. యాష్ యార్క్‌షైరునకు సముద్రజీవులను పరిశీలించుటకు ఒంటరిగా పోవుచున్నానని భార్యకు చెప్పి పోయెను. క్రిస్టబెల్ వెంటనున్నదని చెప్పు సాక్షి యెవ్వరును లేరు. మాడ్, రోలాండ్ అక్కడి థామసన్ ఫాస్ అను జలపాతమునకు పోయి, నీటిమీది వెలుగు రాతిపైకప్పున జ్వాలలవలె కదలుట చూచినప్పుడు, సగము స్త్రీయు సగము సర్పమునగు మెలూసీనాను గూర్చి క్రిస్టబెల్ రచించిన దీర్ఘకావ్యమున ఆ దృశ్యమే యున్నదని గ్రహింతురు. ఆమె దానిని కన్నులార చూచియుండవలెను. అదియే సాక్ష్యము. పద్యములను దాటివచ్చిన పాఠకుడు పరిశోధకుల మాట నమ్మవలసినవాడే గాని వారితో సమానముగా కనిపెట్టగలవాడు కాడు. నవల యిచ్చు ఆనందమున సగభాగమును చేతులార విడుచుకొనిన వాడగును.

ఈ విషయమున తెలుగు పాఠకునకు ఆంగ్లపాఠకునికి లేని వాసన యొకటి కలదు. నన్నయ నాటినుండియు గద్యపద్యములు కలిసిన చంపూపద్ధతి మనది. కథ నడుచుచుండగా పద్యము వచ్చి నిలిచినచో అది కథకు అడ్డమని మనము తలంపలేదు. పద్యనాటకమున ఒకే పద్యమును ‘వన్స్‌మోర్’ అని మరల మరల పాడించుకొని, అంతవఱకు కథను ఆపియుంచిన ప్రేక్షకుల వంశము మనది. కథాకాలమును ముందు వెనుకలు చేసి రహస్యము నల్లుటయు మనకు క్రొత్త కాదు: పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న పసికూనయైన మధురలాలస తన పూర్వజన్మవృత్తాంతమును చెప్పువఱకు వెనుకటి చిక్కులు పూర్తిగా విడివడవు. ఆ ప్రబంధమును ఓపికతో చదివినవారికి ‘పొసెషన్’ దుర్గమము కానేరదు.

రెండవ తగవు నేటి జంటను గూర్చినది. పూర్వపు ప్రేమికులు జీవముతో ఉట్టిపడుచుండగా రోలాండును మాడును వెలవెలబోవుచున్నారని చాలమంది యందురు. యాష్, క్రిస్టబెల్ పాపమని యెఱిగియు, ప్రతిష్ఠ పోవునని యెఱిగియు సాహసించిరి. నేటివారికి ఏ నిషేధమును లేదు. ఐనను ఒకరినొకరు చేయి తాకుటకును జంకుచుందురు. రోలాండ్ పట్నీలో, పై యంతస్తునుండి పిల్లుల మూత్రపు కంపు దిగివచ్చు నేలమాళిగ ఇంటిలో, ఎదుటనున్న తోటలో అడుగు పెట్టుటకు అనుమతి లేక, తనపై ఆశలుడిగిన వాల్ అను యువతితో కాలము వెళ్లబుచ్చుచుండును. మాడ్ తన యందమైన కేశములు పరులకు ఆక్షేపణమునకో ఆకర్షణమునకో కారణమగునని గుడ్డలో చుట్టి దాచుకొనును. ఇద్దఱికిని కలిగిన ఏకైకస్వప్నము, తెల్లని దుప్పటి పఱచిన శూన్యమైన శయ్యపై ఒంటరిగా పరుండుట! ఇట్టివారిని ఎట్లు ప్రేమింపగలమని పాఠకు లడుగుదురు.

ఈ ఆక్షేపణమున న్యాయము లేకపోలేదు. అయినను రచయిత్రి తెలియక చేసిన లోప మిదియని మాత్రము నేననను. ప్రేమయన్నది భాష కల్పించిన భ్రమయనియు, వ్యక్తిత్వమన్నది అనేక శక్తుల కూడలియే గాని స్థిరవస్తువు కాదనియు విశ్వవిద్యాలయమున నేర్చుకొని వచ్చిన తరమునకు చెందినవారు వీరు. ‘నేను ప్రేమించితిని’ అని పలుకుటకు వారికి నోరు రాదు. ఆ మాటను సంకోచము లేక పలుకగల యొక తరముతో నూఱేండ్ల దూరమునుండి పరిచయము కలుగుటచేతనే వారి నోటికి పట్టిన బిగి క్రమముగా సడలును. రచయిత్రి ఉద్దేశము స్పష్టమే; దానిని సాధించుటకై ఆమె వర్తమానకథను పలుచన చేయవలసి వచ్చినది. నవల మధ్యభాగమున ఆ పలుచదనము చదువరికి బాధాకరముగనే యుండును. ఇట్టి నవలలలో తఱచుగా పూర్వకథ వర్తమానకథను మ్రింగివేయుననుట సత్యము. మృతుల కథకు ఆదియు అంతమును కలవు. బ్రదికియున్నవారి కథ ఇంకను సాగుచునే యుండును గనుక అది యెల్లప్పుడును అసంపూర్ణముగనే కనబడును.

ఈ రెండు జంటల మధ్య వాదులాడుకొనుచు చాలమంది విస్మరించు మఱియొక వర్గమున్నది. అది వంచితురాండ్ర వర్గము. క్రిస్టబెల్‌తో కలిసి రిచ్‌మండ్‌లో ప్రశాంతముగా, పురుషుల జోలి లేక, కళాసాధనలో జీవింపవలెనని కలగని, ఆమె విడిచిపోగా థేమ్స్ నదిలో పడి మరణించిన బ్లాంచ్ గ్లోవర్ అను చిత్రకారిణి. భర్త గుట్టునెఱిగి, దాంపత్యసుఖమునకు తానే నోచుకొనలేదని యెఱిగి, ఆ రెంటిని దినచర్యలో ఒక్క యక్షరమైన వ్రాయక దాచిన ఎలెన్. ఆ దినచర్యను పరిష్కరించుటకే యౌవనమును వెచ్చించి, లోకమునకు హాస్యాస్పదురాలై మిగిలిన బియాట్రిస్ నెస్ట్. నాకు తెలిసిన స్త్రీపాఠకులలో పలువురు క్రిస్టబెల్ కొఱకు గాక వీరికొఱకు దుఃఖించినవారే. ఎలెన్ దినచర్య విసుగు పుట్టించునది యని నవలలోని పండితులందురు; నవలను చదివినవారిలో కొందఱును అట్లే యందురు. కాని బియాట్రిస్ ఒక్కతెయే, ఎలెన్ పాఠకులను తప్పుదారి పట్టించుటకే అట్లు విసుగు పుట్టునట్లు వ్రాసినదని పసిగట్టెను. ఎవరును లెక్కచేయని ముసలిపండితురాలికి ఈ సూక్ష్మదృష్టి నొసగుట, నా దృష్టిలో, బయట్ చేసిన గొప్ప న్యాయము.

పండితుల ప్రతిస్పందము వేఱొక తీరున నుండెను. మ్యూజియము నేలమాళిగలో యాష్ రచనల పరిష్కరణమే యావజ్జీవముగా సాగించు బ్లాకేడర్, కవి వాడిన వస్తువులను డబ్బుతో కొని అమెరికాకు తరలించు మార్టిమర్ క్రాపర్, ప్రతికావ్యమునను ఒకే యర్థమును చూచు లియొనోరా స్టర్న్, ఇట్టి పాత్రలయందు తమ సహోద్యోగులను గుర్తించి కొందఱు నవ్విరి, కొందఱు నొచ్చుకొనిరి. స్త్రీవాదపండితురాలిని హాస్యపాత్రగా చేయుట తగదన్న విమర్శయు వచ్చినది. లియొనోరా చిత్రణము మోటుగా నున్నదని నేనును అంగీకరింతును.

ఇక మూడవది, అన్నింటికంటె లోతైన తగవు. రహస్యకథకు ఒక ధర్మమున్నది: అన్వేషకునకు తెలిసినంతయే పాఠకునకును తెలియవలెను, ఇద్దఱికిని ఒకే సాక్ష్యము లభింపవలెను. ‘పొసెషన్’ చాలవఱకు ఈ ధర్మమును పాటించును. మనకు తెలియు పూర్వకథ యంతయు ఉత్తరముగనో, దినచర్యగనో, పద్యముగనో పరిశోధకుల చేతికి వచ్చినదే. కాని పదునైదవ ప్రకరణమున ఉన్నట్లుండి కాగితము లన్నియు తొలగిపోవును. 1859లో ఒక రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న పురుషుని, స్త్రీని మనము నేరుగా చూతుము. అక్కడ సాక్షి లేడు, పత్రము లేదు. ఎలెన్ అంతరంగమును విప్పు ఘట్టమున ఇట్లే జరుగును. గ్రంథాంతమున చేర్చిన 1868 నాటి అనుబంధమున మూడవసారి జరుగును.

ఆ యనుబంధమే వివాదమునకు పరాకాష్ఠ. యాష్ మరణశయ్యపై నుండగా క్రిస్టబెల్ అతనికొక లేఖ పంపినది. బిడ్డ పుట్టినదనియు, పెరిగి పెద్దదై సుఖముగా నున్నదనియు అందు వ్రాసినది. ఎలెన్ దానిని భర్తకు ఈయలేదు, తాను చదువలేదు, కాల్చివేయనులేదు. పెట్టెలో పెట్టి అతనితో పాతిపెట్టించెను. తుపానురాత్రి సమాధినుండి తీసిన యా లేఖను మాడ్ చదువగా వినిన పరిశోధకులందఱును, కవి తనకొక కూతురున్నదని తెలియకయే చనిపోయెనని నిశ్చయించుకొందురు. సాక్ష్యములన్నియు అట్లే చెప్పుచున్నవి. కాని అనుబంధమున, ఎండకాసిన పచ్చికబయలున, ఆటలాడుకొనుచున్న బాలికను యాష్ కలిసికొని, ఆమె యెవరో గ్రహించి, పూలతో కిరీట మల్లి, ఆమె వెండ్రుకలపాయ నొకదానిని అడిగి తీసికొనును. క్రిస్టబెల్‌కు చెప్పుమని ఒక మాట చెప్పి పంపును. ఆటలో పడి ఆ పిల్ల ఆ మాటను మఱచిపోవును. ఆ పాయ క్రిస్టబెల్‌దని నూఱేండ్ల తరువాత పండితులు నమ్ముదురు. ఆ బాలిక పేరున థామసీన్ అను భాగమొకటి కలదు. జలపాతమును మఱవని పాఠకునకు ఆ పేరొక్కటియే చాలును.

దీనిని చదివి కొందఱు కోపింతురు. ఇన్నివందల పుటలు పత్రములను నమ్ముకొని సాగిన కథను చివరి నాలుగు పుటలలో రచయిత్రి తన యధికారముతో తలక్రిందులు చేయుట అక్రమమందురు. పాఠకులు బాధపడుదురని ఇచ్చిన ఓదార్పు ఇదియని మఱికొందఱు చులకన చేయుదురు. వేఱు కొందఱు ఆ నాలుగు పుటలకొఱకే పుస్తకమును మరల తెఱతురు. బయట్ స్వయముగా ‘ఆన్ హిస్టరీస్ అండ్ స్టోరీస్’ అను వ్యాససంపుటమున (2000) ఈ మూడు ఘట్టములను బుద్ధిపూర్వకముగనే అట్లు వ్రాసితినని తెలిపినది. తన నవలలోని చరిత్రకారులును జీవితచరిత్రకారులును ఎన్నటికిని కనుగొనజాలని దానిని చెప్పుటకే సర్వజ్ఞుడైన కథకుని తెచ్చితినని ఆమె వివరణము.

ఇక్కడ నా తీర్పు రచయిత్రి పక్షమున. ఈ యనుబంధము సాక్ష్యధర్మమును భంగపఱచుట లేదు. దాని హద్దు ఎక్కడనో చూపుచున్నది. పరిశోధకులు నిజాయితీగా వెదకిరి, దొరికినదంతయు సరిగా చదివిరి, అయినను పొరపడిరి. దొరకినది అంతే గనుక. మనుష్యుల జీవితములలో మిక్కిలి ముఖ్యమైన క్షణములలో చాలభాగము కాగితముపైకి ఎక్కవు. ఎవరో చెప్పి పంపిన మాటను ఒక పిల్ల మఱచిపోవుటవలన రెండు జీవితముల బాధ తీరకపోవుట ఏ పత్రాగారమునను నమోదు కాదు. అట్టి క్షణములుండునని చెప్పగల విద్య కల్పన యొక్కటియే. ‘చరిత్ర చదువుటకే ఈ నవల పట్టితిని, ఈ కల్పన యేల’ అని కోపించు పాఠకుడును, ‘ఆ పత్రముల గొడవ యేల, మొదటినుండియు నేరుగా ప్రేమకథయే చెప్పరాదా’ అని విసుగుకొను పాఠకుడును ఒకే విషయమును రెండువైపులనుండి విడదీయుచున్నారు. పత్రముల శ్రమ లేనిచో అనుబంధమునకు బరువుండదు. అనుబంధము లేనిచో పత్రముల శ్రమ తాను తెలిసికొనలేనిది ఉన్నదన్న వినయమును నేర్వదు.

1993లో టామ్ స్టొపార్డ్ ‘ఆర్కేడియా’ నాటకమున ఇదే మార్గమును ఎంచుకొని, ఒకే గదిలో 1809 నాటివారిని, నేటివారిని మార్చి మార్చి ప్రవేశపెట్టి, నేటి పండితుడు ఎట్లు తప్పుదారి పట్టుచున్నాడో ప్రేక్షకునకు కన్నులయెదుట చూపెను. నాటకములో ఎవరును రచయితను తప్పుపట్టలేదు. నేరుగా చూచుటకే నాటకమునకు పోవుదుము గదా! నవలలో మాత్రము అదే పని అపరాధముగా తోచుట విచిత్రము.

2002లో నీల్ లబ్యూట్ దర్శకత్వమున ఈ నవల చలనచిత్రముగా వచ్చినది. గ్వినెత్ పాల్ట్రో మాడ్‌గాను, జెరెమీ నార్తమ్ యాష్‌గాను, జెన్నిఫర్ ఎలీ క్రిస్టబెల్‌గాను నటించిరి. పేదవాడును, బిడియస్థుడునగు రోలాండును ఆరన్ ఎకార్ట్ ధరించిన అమెరికా యువకునిగా మార్చిరి. పద్యములు నామమాత్రముగా మిగిలినవి. పద్యములను దాటిపోయిన పాఠకులు కోరిన ‘పొసెషన్’ బహుశః ఇదియే యై యుండవలెను: రెండు ప్రేమకథలు, చక్కని దృశ్యములు, చకచక నడుచు అన్వేషణము. అది చూడముచ్చటగనే యున్నది. కాని ఆ కవు లిరువురును ఎందుకు ఒకరి నొకరు అంతగా కోరుకొనిరో అందు తెలియదు. వారు మొదట ప్రేమించినది ఒకరి మనస్సు నొకరు, ఆ మనస్సులు పద్యములలో నున్నవి.

కావున ఈ గ్రంథమును చేతబట్టబోవు చదువరికి నా మనవి యొక్కటే. మొదటి నూఱు పుటలలో విసుగు కలిగినచో పుస్తకమును రెండుదినములు మూసి మరల తెఱవుడు గాని పద్యములను మాత్రము దాటకుడు. ఒక్కొక్కదానిని పైకి, మెల్లగా, రెండుసార్లు చదువుడు. అటుపిమ్మట రోలాండును మాడును మీకు నచ్చలేదన్నను, అనుబంధము అనవసరమన్నను, మీతో వాదించుటకు నాకు సంతోషమే; ఆ వాదమున మన ఇరువురి చేతిలోను ఒకే సాక్ష్యముండును.